నిప్పులేని తుపాకి

తుపాకి అను మాట వినగనే మన మనస్సునకు తోచునవి మూడు: నిప్పు, పొగ, ప్రేలుడు. కాని ఈ మాట పుట్టుకను వెదకినచో ఆశ్చర్యము కలుగును. ఫారసీ భాషలో 'తుఫక్' అనగా మొదట ఊదుగొట్టము. నోటితో గాలి ఊది మట్టి ఉండను దూరముగా విసరు గొట్టమునకు ఆ పేరుండెను. మందుగుండు వచ్చిన తరువాత అదే పేరు క్రొత్త ఆయుధమునకు సంక్రమించి, మన దేశమునకు వచ్చి, తెలుగున తుపాకి అయినది. ఉర్దూలోని 'బందూక్' చరిత్రయు ఇట్టిదే. అరబ్బీలో 'బుందుక్' అనగా గట్టి పెంకుగల ఒక గుండ్రని కాయ. ఆ కాయను పోలిన ఉండకును, పిదప ఆ ఉండను విసరు సాధనమునకును ఆ పేరే వచ్చెను. ఈ రెండు మాటలలోను నిప్పు ప్రసక్తి లేదు. ఒకదానిలో గాలి యున్నది, మరియొకదానిలో గుండు ఉన్నది.

ఆ గాలి, ఆ గుండు తప్ప వేరేమియు అక్కరలేని ఒక తుపాకి, రెండు వందల సంవత్సరములకు పూర్వము ఒక గొప్ప సామ్రాజ్యపు సైన్యములో నిజముగా వాడబడెను. అది నిప్పు చూపలేదు, పొగ విడువలేదు, వానకు జడియలేదు. ఒక్క నిమిషములో ఇరువది గుండ్లు విసరెను. అయినను అది ముప్పది యైదు సంవత్సరములైనను గడుపక ముందే, లేక ఆ గడువు తీరునప్పటికే, సైన్యము నుండి కనుమరుగయ్యెను. అంతటి యంత్రము ఎందుకు నిలువలేదు? ఈ ప్రశ్నకు సమాధానము యుద్ధశాస్త్రములో కంటె కార్ఖానాలోనే ఎక్కువగా దొరకును. అందుచేతనే ఇది విద్యార్థులు తెలిసికొనదగిన కథ.

పూర్వ చరిత్ర

గాలిని ఒత్తి పట్టి దానిచేత పని చేయించుట మానవునకు క్రొత్త విద్య కాదు. కమ్మరి కొలిమి వద్ద తోలుతిత్తిని చూడని వారు మన పల్లెలలో అరుదు. తిత్తిని నొక్కినప్పుడు లోని గాలి సన్నని గొట్టము ద్వారా వేగముగా వెలువడి బొగ్గులను రగిలించును. ఇట్టి తిత్తినే తుపాకిలో అమర్చి గుండును విసరవచ్చునని ఐరోపా పనివారు గ్రహించిరి. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లోని రాజాయుధ ప్రదర్శనశాలలో సుమారు 1580 నాటి తిత్తి తుపాకి ఒకటి నేటికిని ఉన్నది.

తరువాతి శతాబ్దమున గాలిని గూర్చిన శాస్త్రము వేగముగా వృద్ధి చెందెను. జర్మనీలో ఆటో ఫాన్ గెరికె గాలిని తోడివేయు పంపును నిర్మించి, శూన్యపు శక్తిని ప్రజలకు ప్రదర్శించెను. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ గాలి పీడనమునకును, అది ఆక్రమించు స్థలమునకును గల సంబంధమును 1662లో ప్రకటించెను. ఉష్ణోగ్రత మారనంత వరకు, గాలిని సగము స్థలములోనికి ఒత్తినచో దాని పీడనము రెట్టింపగును. పదవ వంతు స్థలములోనికి ఒత్తినచో పది రెట్లగును. మన విద్యార్థులు పరీక్షల కొరకు వల్లించు ఈ సూత్రమే మనము చెప్పుకొనబోవు తుపాకికి ప్రాణము.

ఆస్ట్రియా రాజ్యములోని టిరోల్ ప్రాంతమునకు చెందిన బార్తొలొమేయస్ గిరార్దోనీ అను శిల్పి వియన్నా సమీపమున పనిచేయుచు ఈ తుపాకిని రూపొందించెను. ఆయనకు గడియారముల పనియు, తుపాకుల పనియు రెండును తెలియును. గడియారములోని సన్నని స్ప్రింగులతోను, వెంట్రుకవాసి కొలతలతోను అలవాటుపడిన చేతులు కానిచో ఈ యంత్రము పుట్టియుండెడిది కాదు. రెండవ జోసెఫ్ చక్రవర్తి కాలమున, 1780లో, ఆస్ట్రియా సైన్యము దీనిని స్వీకరించెను. మొత్తము మీద వెయ్యికి పైగా తుపాకులు తయారైనవని చరిత్రకారుల అంచనా. నేడు ప్రదర్శనశాలలలోను, సేకర్తల వద్దను మిగిలినవి స్వల్పము.

నిర్మాణము

చూచుటకు ఇది ఆనాటి సామాన్యపు సైనిక తుపాకి వలెనే యుండును. పొడవు సుమారు నాలుగడుగులు, బరువు సుమారు నాలుగున్నర కిలోగ్రాములు. కాని భుజమునకు ఆనించు మడమ భాగము కొయ్యతో చేసినది కాదు. అది ఇనుప రేకుతో చేసి, అతుకులు వేసి, పైన తోలు తొడిగిన శంఖాకారపు గాలిబుడ్డి. తుపాకికి అవసరమైన శక్తి అంతయు ఆ మడమలోనే దాగియుండెను. దానిని మర త్రిప్పి ఊడదీయవచ్చును, గాలి నింపిన మరియొక బుడ్డిని మర త్రిప్పి బిగింపవచ్చును.

గొట్టము ప్రక్కన మరియొక సన్నని గొట్టము కలదు. ఇరువదికి పైగా సీసపు గుండ్లు అందులో వరుసగా నిలుచును. రెండు గొట్టముల మొదట అడ్డముగా జరుగు ఒక చిన్న ఇనుప దిమ్మ కలదు. ఆ దిమ్మకు గుండు పట్టునంత రంధ్రముండును. సైనికుడు తుపాకి కొనను పైకెత్తి దిమ్మను వ్రేలితో నొక్కగనే అది ప్రక్క గొట్టమునకు ఎదురుగా జరుగును. గుండు తన బరువుచేత జారి రంధ్రములో పడును. వ్రేలు తీసినచో స్ప్రింగు దిమ్మను వెనుకకు నెట్టును. అప్పుడు గుండు పెద్ద గొట్టమునకు సరిగా ఎదురుగా నిలుచును. ఇదంతయు ఒక్క క్షణములో ముగియును.

ఇక గుర్రము. సామాన్యపు తుపాకిలో గుర్రము చెకుముకి రాతిని ఉక్కుపై కొట్టి నిప్పురవ్వలను పుట్టించును. గిరార్దోనీ తుపాకిలో ఆ రాయి లేదు. మీట నొక్కగనే గుర్రము ముందుకు దూకి ఒక సన్నని కడ్డీని నెట్టును. ఆ కడ్డీ గాలిబుడ్డి కవాటమును రెప్పపాటు కాలము తెరచి విడుచును. ఒక గుండునకు కావలసినంత గాలి మాత్రమే బయటికి వచ్చి, గుండును తరుముకొని పోవును. మిగిలిన గాలి తరువాతి గుండ్ల కొరకు బుడ్డిలోనే నిలుచును. మొత్తము గాలిని ఒక్కసారి వృథా చేయక, పొదుపుగా వంతుల వారీగా పంచి ఇచ్చుటలోనే శిల్పి నేర్పు అంతయు కలదు.

గుణములు

ఆ కాలపు సైనికుడు తుపాకిని నింపు విధానమును తలచుకొన్నచో ఈ యంత్రపు గొప్పతనము తెలియును. అతడు మందు పొట్లమును చింపవలెను, మందును గొట్టములో పోయవలెను, గుండును వేయవలెను, పొడవైన కడ్డీతో దట్టింపవలెను, పిదప గురి చూడవలెను. బాగుగా శిక్షణ పొందినవాడు నిమిషమునకు రెండు మూడు సారులకంటె ఎక్కువ కాల్చలేడు. ఈ పనులలో అనేకము నిలువబడి చేయవలసినవే. వాన కురిసి మందు తడిసినచో తుపాకి కఱ్ఱతో సమానము. ఒకసారి కాల్చిన తరువాత పొగచేత తన చోటు శత్రువునకు తెలియును, ఎదుటి శత్రువు తనకు కనబడడు.

గిరార్దోనీ తుపాకి గల సైనికుడు నేలపై పండుకొని, పొదచాటున నుండి, వానలో తడియుచు, నిమిషములో ఇరువది గుండ్లు విసరగలడు. మెరుపు లేదు, పొగ లేదు. ధ్వని పూర్తిగా లేదనలేము గాని, మందు తుపాకి గర్జనతో పోల్చినచో అది మిక్కిలి స్వల్పము. నూరు అడుగులకు మించిన దూరమున నున్న మనిషిని చంపుటకు దాని గుండు చాలియుండెను. ఒక బుడ్డి గాలితో ముప్పది గుండ్ల వరకు ఉపయోగకరముగా కాల్చవచ్చును. కాని బుడ్డిలోని గాలి తగ్గిన కొలదియు గుండు వేగము తగ్గును. మొదటి పది గుండ్లు పోయినంత దూరము చివరి పది గుండ్లు పోజాలవు. సైనికుడు ఎన్ని గుండ్లు కాల్చెనో లెక్క పెట్టుకొనుచు, దానికి తగినట్లు గురిని సవరించుకొనవలసియుండెను.

ఒక చిన్న లెక్క

ఇన్ని గుణములు గల ఆయుధమునకు ఏమి వెల చెల్లింపవలెను? అది రూపాయలలో కాదు, చేతుల శ్రమలో తెలియును.

గాలిబుడ్డిని నింపుటకు సైనికుని వద్ద ఒక చేతిపంపు ఉండెను. బుడ్డి పూర్తిగా నిండుటకు సుమారు 1500 పోట్లు కావలెను. అప్పుడు లోని పీడనము మన చుట్టునున్న వాతావరణ పీడనమునకు సుమారు 55 రెట్లగును. సైకిలు ట్యూబు గట్టిపడిన పిదప చివరి పది పోట్లు వేయుట ఎంత కష్టమో మనలో ప్రతివానికి తెలియును. అక్కడ పీడనము వాతావరణమునకు కొద్ది రెట్లు మాత్రమే. ఇక 55 రెట్లనిన ఎట్లుండునో ఊహింపవచ్చును. క్షణమునకు ఒక పోటు చొప్పున ఆగక కొట్టినను 25 నిమిషములు పట్టును. 1500 పోట్లను 30 గుండ్లకు పంచినచో, ఒక్కొక్క గుండునకు 50 పోట్లు పడును. యుద్ధములో ఒక్క నిమిషములో ఖర్చగు శ్రమను సైనికుడు ముందుగా అరగంట సేపు చెమటోడ్చి కూడబెట్టవలెను.

ఒక్కొక్క సైనికునకు తుపాకికి బిగించిన బుడ్డి కాక మరి రెండు బుడ్డులు ఇచ్చుచుండిరి. నూరుగురు సైనికుల దళమునకు మూడేసి బుడ్డుల చొప్పున 300 బుడ్డులు. వానిని చేతిపంపులతో ఒకసారి నింపుటకు నాలుగు లక్షల యేబది వేల పోట్లు! ఈ బాధ తీర్చుటకు బండిపై అమర్చిన పెద్ద పంపును కూడ సైన్యము ఏర్పాటు చేసెను. కాని బండి పోలేని కొండదారిలో సైనికుని చేతులే గతి.

ఇందులో మరియొక సూక్ష్మము కలదు. గాలిని ఒత్తినప్పుడు అది వేడెక్కును. సైకిలు పంపు అడుగుభాగమును పట్టుకొని చూచినచో ఈ విషయము ఎవరికైనను అనుభవమునకు వచ్చును. వేడిగా నిండిన బుడ్డి చల్లారిన పిదప పీడనము కొంత తగ్గును. త్వరపడి నింపినవాడు తాను నిండెననుకొన్న బుడ్డి నిజముగా నిండలేదని తరువాత తెలిసికొనును. ఉష్ణోగ్రత మారనంత వరకు అని బాయిల్ సూత్రములో చెప్పు మాట కేవలము పరీక్షకు వ్రాయు అలంకారము కాదని ఇక్కడ స్పష్టమగుచున్నది.

లోపములు

1788 నుండి 1791 వరకు తురుష్కులతో జరిగిన యుద్ధమున ఆస్ట్రియా సైన్యము ఈ తుపాకులను వెంట గొనిపోయెను. తరువాత ఫ్రాన్సుతో జరిగిన యుద్ధములలో టిరోల్ ప్రాంతపు గురికాండ్ర చేతికి ఇచ్చెను. కాని రణరంగమున శత్రువుకంటె ముందు మరియొక విరోధి ఎదురయ్యెను. అది గాలి కారుట.

కవాటము వద్దను, మర బిగించు చోటను గాలి బయటికి పోకుండ తోలు బిళ్ళలు అమర్చియుండిరి. తోలు తడిగా నున్నంత సేపు మెత్తగా ఒదిగియుండి గాలిని ఆపును. ఎండిన తోలు ముడుచుకొని పగులును, గాలిని వదలును. కావున సైనికుడు ఎప్పటికప్పుడు ఆ తోలును తడిపి ఉంచుకొనవలెను. ఇనుప రేకును శంఖాకారముగా మలచి, అంతటి పీడనమును తట్టునట్లు అతుకుట ఆనాటి కార్ఖానాలకు మిక్కిలి దుష్కరము. అతుకులో వెంట్రుకవాసి సందున్నను బుడ్డి పనికిరాదు, బలహీనత యున్నచో అది పగిలి పట్టుకొన్నవానికే ప్రమాదము. స్ప్రింగు విరిగినచో బాగుచేయుటకు సాధారణపు కమ్మరి చాలడు, గడియారపు పని తెలిసినవాడు కావలెను. అట్టివాడు ప్రతి దళము వెంట ఎట్లు నడచును?

మందు తుపాకి మొరటుది. కాని మొరటు చేతులకు అది తగియుండెను. బురదలో పడినను తుడిచి వాడవచ్చును. విరిగినచో ఏ ఊరి కమ్మరియైనను అతికి ఇచ్చును. దానిని వాడుట పల్లెటూరి యువకునకు కొద్ది వారములలో నేర్పవచ్చును. గిరార్దోనీ తుపాకి వాడువానికి ప్రత్యేకమైన శిక్షణ కావలెను. ఈ కారణముల చేత ఆస్ట్రియా సైన్యము దీని వాడుకను క్రమముగా తగ్గించి, 1815 నాటికి పూర్తిగా మానివేసెను. ఏ శత్రువు తుపాకియు దీనిని ఓడింపలేదు. ఎండిన తోలు బిళ్ళ ఓడించెను.

అమెరికా ప్రయాణము

ఈ తుపాకి ఐరోపాలో మూలబడుచున్న కాలముననే అమెరికాలో దీనికి విచిత్రమైన కీర్తి లభించెను. అధ్యక్షుడు జెఫర్‌సన్ ఆదేశముపై మెరివెదర్ లూయిస్, విలియం క్లార్క్ అను సైనికాధికారులు 1804లో మిస్సోరి నదిపై బయలుదేరి, 1805 నవంబరులో పసిఫిక్ తీరము చేరి, 1806 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. లూయిస్ తనతో ఒక గాలి తుపాకిని కొనిపోయెను. ఇది ఫిలడెల్ఫియాకు చెందిన ఐజాయా లూకెన్స్ అను గడియారపు శిల్పి చేసినదని కొందరు పండితులు తలచిరి. కాని థామస్ రోడ్నీ అను న్యాయాధికారి 1803 సెప్టెంబరులో దినచర్యలో వ్రాసిన వర్ణన వెలుగులోనికి వచ్చిన పిదప, అది గిరార్దోనీ పద్ధతి తుపాకియే అను అభిప్రాయము బలపడెను. ప్రక్క గొట్టములో గుండ్లన్నియు ఒకేసారి నింపుట, మడమలోని గాలి ఒక్కొక్క గుండునకు కొంచెము కొంచెముగా వెలువడుట ఆయన స్పష్టముగా వర్ణించెను.

ఆ వర్ణనలోనే మన కథకు కావలసిన సాక్ష్యము కూడ ఉన్నది. లూయిస్ పండ్రెండు గుండ్లు నింపి చూపబోగా, మొదటి దెబ్బకే గాలి అంతయు కారిపోయెను. మరల నింపగా రెండుసారులు మాత్రమే పేలెను. లోపమును కనిపెట్టి కొంత సరిచేసిన పిదప ఏడుసారులు పేలెను. సరిగా నున్నప్పుడు నిమిషమునకు 22 సారులు పేలునని రోడ్నీ వ్రాసెను. 'సరిగా నున్నప్పుడు' అను నియమములోనే ఈ యంత్రపు చరిత్ర అంతయు ఇమిడియున్నది.

దానికి కొద్ది దినముల ముందు, 1803 ఆగస్టు 30న, పిట్స్‌బర్గ్ దిగువన ఒక దీవిలో లూయిస్ దీనిని ప్రదర్శించెను. అనుభవము లేని ఒక పరిచితుని చేతికి తుపాకి ఇయ్యగా అది పొరపాటున పేలి, కొంత దూరమున నిలిచియున్న ఒక స్త్రీ కణతను గీరి పోయెను. ఆమె రక్తసిక్తయై నేల గూలెను. చనిపోయెనని అందరు భయపడిరి. అదృష్టవశమున గాయము లోతైనది కాకపోవుటచే ఆమె బ్రతికెను. గాలి తుపాకి ఆటవస్తువని తలచువారికి ఈ ఒక్క సంఘటన చాలును.

ప్రయాణమున ఎదురైన అమెరికా ఆదివాసులకు లూయిస్ ఈ తుపాకిని అనేకసారులు కాల్చి చూపెను. నిప్పు లేక, మందు పోయక, వరుసగా గుండ్లు వెలువడుట వారికి మహాద్భుతముగా తోచెను. ఆ ప్రదర్శనలో స్నేహము ఎంతయో, హెచ్చరిక అంతయు ఉండెను. అతిథి చూపిన ఆ వింత వెనుక ఆ నేలనే కోరు ఒక రాజ్యము నిలిచియుండెనను సంగతిని మనము మరువరాదు.

ఆ బృందమున జాన్ షీల్డ్స్ అను కమ్మరి ఉండెను. 1805 జూన్ 10న ఆయన ఆ తుపాకి ప్రధానపు స్ప్రింగును క్రొత్తగా చేసి అమర్చెను. పట్టణములకు వందల మైళ్ళ దూరమున, అడవిలో, చేతిలోనున్న పనిముట్లతోనే! ఆయన నేర్పునకు తామెంతయో ఋణపడియున్నామని లూయిస్ తన దినచర్యలో కృతజ్ఞతతో వ్రాసికొనెను. సామ్రాజ్య సైన్యమున నిలువలేని తుపాకి ఆ చిన్న బృందమున రెండేండ్లకు పైగా పనిచేయుటకు కారణము వెదకనక్కరలేదు. అక్కడ తుపాకి ఒక్కటే, దానిని కనిపెట్టుకొని యుండు పనివాడు వెంటనే కలడు.

నేటి రూపము

గిరార్దోనీ భావన అంతరించలేదు. దానికి తగిన లోహములును, కవాటములును ఇరువదవ శతాబ్దమున లభించినవి. 1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలలో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ ప్రవేశపెట్టబడెను. నేటి పోటీ రైఫిలులో గట్టి లోహపు సిలిండరులో గాలి ముందుగా ఒత్తియుంచబడును. మీట నొక్కగనే చిన్న సుత్తి కవాటమును తాకి, కొలిచినంత గాలిని విడుచును. సూత్రము అదే. తోలుకు బదులు రబ్బరు వంటి కృత్రిమ పదార్థములు, అతికిన రేకుకు బదులు అతుకులేని సిలిండరు వచ్చినవి, అంతే. ఈ పోటీలోనే 2008లో బీజింగులో అభినవ్ బింద్రా స్వర్ణ పతకమును, 2012లో లండనులో హైదరాబాదున పెరిగిన గగన్ నారంగ్ కాంస్య పతకమును గెలిచి దేశమునకు కీర్తి తెచ్చిరి. మనుష్యుని చంపుటకు పుట్టిన యంత్రము మనుష్యుని ఏకాగ్రతను పరీక్షించు సాధనముగా మారుట సంతోషింపదగిన పరిణామము.

ఉపసంహారము

ఈ కథ నుండి విద్యార్థి గ్రహింపవలసినది ఏమి? నూతన కల్పన ఒక్క మేధావి మెదడులో పుట్టును. కాని అది బ్రతుకుట అనేకుల చేతులలో ఉన్నది. రేకును అతుకువాడు, తోలును తడుపువాడు, పంపు కొట్టువాడు, విరిగిన స్ప్రింగును మరల చేయువాడు, వీరిలో ఏ ఒక్కరు లేకున్నను మేధావి శ్రమ వ్యర్థమగును. గిరార్దోనీ తన కాలముకంటె ముందు నడచెనని పలువురు ప్రశంసింతురు. అది నిజమే. కాని ఆయనతో కలిసి నడువవలసిన కార్ఖానా వెనుకబడెననుటయు అంతే నిజము.

మన విద్యాలయములకు కూడ ఇది వర్తించును. ప్రయోగశాలకు క్రొత్త పరికరము వచ్చిన దినమున అందరును సంతోషింతుము. దాని పంపులోని వాషరు ఎండిన దినమున దానిని ఎవరును పలుకరింపరు. పరికరములు కొనుటకు ధనము కేటాయించునట్లే, వానిని బాగుచేయుటకును, బాగుచేయు విద్యను నేర్పుటకును కొంత ధనము, కొంత గౌరవము కేటాయించుట అవసరము. బాయిల్ సూత్రమును నల్లబల్లపై వ్రాయగల విద్యార్థి, కారుచున్న కవాటమును తన చేతితో బిగింపగలిగిన నాడు ఆ సూత్రము అతనికి నిజముగా వచ్చినదని చెప్పవచ్చును. బుద్ధికి చేయి తోడైనప్పుడే విద్య సంపూర్ణమగును.